వెయ్యీ పన్నెండు కిలోమీటర్లు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ గుండ్రాల బాబాయి అనేవాళ్ళు. ఉత్త చేత్తో గుండ్రం గీసేవాడు. తర్వాత కంపాస్ పెట్టి సరిచూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఆయన చేత ఒక గుండ్రం గీయించుకుని, నోరు వెళ్ళబెట్టి, మర్నాటి నుంచి ఆయన్ని పట్టించుకోవడం మానేసేవాళ్ళు. నేనూ అంతే చేశాను. పైగా ఆ కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాను.

పటాలు అచ్చువేసే ప్రభుత్వ కార్యాలయం మాది. ఆయన డ్రాఫ్ట్స్‌మన్. నేను పటాల గదిలో గుమాస్తాని. ఏ షీటు ఎవరు పట్టుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చిచ్చారో రాసుకోవడం నా పని. మా బల్లల మధ్య ఒక అద్దాల తలుపు ఉండేది. అది ఏనాడూ సరిగ్గా పడి చావలేదు కాబట్టి పందొమ్మిదేళ్ళ పాటు ఆయన దగ్గూ, నిట్టూర్పూ, ఫోన్లో చెల్లెలితో మాట్లాడే ప్రతి మాటా నా చెవిన పడ్డాయి. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

బాబాయి పెళ్ళి చేసుకోలేదు. నా అన్నవాళ్ళు ఎవరంటే ఆ చెల్లెలే. ఆవిడ రైల్వేలో సిగ్నళ్ళ పని చేసే మనిషిని చేసుకుని దేశానికి ఉత్తరపు కొసన ఒక చిన్న ఊళ్ళో ఉండేది. బట్టలు కుట్టేది. అన్నగారికి ఏడాదికి రెండు చొక్కాలు కుట్టి పోస్టులో పంపించేది, కొలతలు లేకుండా, గుర్తు మీద. చేతులు ఎప్పుడూ అంగుళం పొడుగొచ్చేవి. ఆ సంగతి చెబితే "చేతులు సరిగ్గానే ఉన్నాయి అన్నయ్యా, నువ్వే కురచైపోతున్నావ్" అనేది. ఆ మాటకు బాబాయి ఫోన్ పట్టుకుని పడీపడీ నవ్వేవాడు. ఆఫీసులో ఆయన నవ్వడం నేను విన్నది ఆ ఫోన్ దగ్గరే.

ఇక్కడ మా గోడపటం సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. భూమి గుండ్రంగా ఉంటుంది, కాగితం చదునుగా ఉంటుంది. గుండ్రాన్ని కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మా దేశంలో బళ్ళలోనూ ఆఫీసుల్లోనూ వేలాడే పెద్ద పటంలో ఆ సాగదీత అంతా పైన, ఉత్తరం వైపు పడింది. పైకి పోయే కొద్దీ నేల వెడల్పుగా, ఊరికీ ఊరికీ మధ్య బోలెడంత దూరంగా కనిపిస్తుంది. రాజధానిలో పుట్టినవాళ్ళమంతా ఆ పటం చూస్తూనే చదువుకున్నాం. ఉత్తరం అంటే మాకు చలి, దూరం, జనం లేని చోటు. ఖాళీగానే ఉంది కదా అని పటం పేరు రాసే పెట్టెను కూడా అక్కడే పెట్టేవాళ్ళు. బాబాయి చెల్లెలి ఊరు ఆ పెట్టె కింది గీతకు గోరంత దిగువన, చీమ తలకాయంత చుక్క. ఆ చుక్క ఊరని నేను ఫోన్ మాటలు వినబట్టి తెలుసుకున్నాను గానీ లేకపోతే సిరా మరక అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో మా దేశానికీ, దక్షిణాన ఉన్న పొరుగు దేశానికీ క్షిపణుల తగ్గింపు మీద చర్చలు నడుస్తున్నాయి. పదకొండేళ్ళుగా నడుస్తున్నాయి. చివరికి ఒక సూత్రం దగ్గర రెండు పక్షాలూ మెత్తబడ్డాయి. వెయ్యి కిలోమీటర్లు పోగల క్షిపణిని ఎదుటివాళ్ళ రాజధానికి వెయ్యి కిలోమీటర్ల లోపల ఎవరూ నిలబెట్టకూడదు. అలా నిలబెట్టినవి విరగ్గొట్టాలి, లేదా ఆవలికి జరుపుకోవాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పటం మీద గీత చూపిస్తే సంతకాలు పెడతామన్నారు. ఆ గీత గీసే పని మా ఆఫీసుకొచ్చింది, అంటే బాబాయి బల్ల మీదికొచ్చింది.

మా సూపరింటెండెంట్ గారు గోడపటం షీటు తెచ్చి పరిచారు. "బాబాయిగారూ, వాళ్ళ రాజధాని మీద కంపాస్ ముల్లు గుచ్చండి. వెయ్యి కిలోమీటర్లకు ఒక గుండ్రం తిప్పండి. ఎల్లుండికి కావాలి."

"ఈ షీటు మీద కంపాస్ పనికిరాదండీ" అన్నాడు బాబాయి. "పైకి పోయేసరికి గీత ఉబ్బాలి. అసలు దూరం ప్రకారం గీస్తే కోడిగుడ్డులా వస్తుంది."

"కోడిగుడ్డు పట్టుకెళ్ళి చర్చల బల్ల మీద పెడితే ఊరుకుంటారటండీ? మనకు కావలసిన వైపు ఉబ్బించుకున్నాం అంటారు. గుండ్రం అయితే ఎవడికీ అనుమానం రాదు. అందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన ఆకారం."

"తప్పవుతుందండీ."

"తప్పయితే మీ పద్ధతి మీకుందిగా. రాసెయ్యండి కింద."

ఆ పద్ధతేమిటంటే, మా ఆఫీసులో పటంలోని లోపాన్ని పటం మీద చెప్పకూడదు. బొమ్మ పాడవుతుందట. కింది అంచులో, గీత బయట, చిన్న అక్షరాల్లో రాయాలి. అలా రాసేస్తే గీసినవాడి బాధ్యత తీరిపోయినట్టే. బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. రెండుసార్లు కాదన్నాడంటేనే ఆయన లెక్కలో అది పెద్ద తగాదా. మూడోసారి అనలేదు. కంపాస్ తిప్పి, అందమైన ఎర్ర గుండ్రం గీశాడు. కింది అంచులో "ఉత్తర భాగమున ఈ గీత నిజమైన దూరము కాదు. అచ్చటి దూరములు గ్లోబు మీద కొలవవలెను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

షీటు చట్రం కట్టేవాడి దగ్గరికెళ్ళింది. అతనికీ ఒక పద్ధతుంది. అద్దం కింద పటం బిగుతుగా కూర్చోవాలంటే నాలుగు వైపులా తెల్ల అంచు కత్తిరించెయ్యాలి. కత్తిరించేశాడు. చట్రం కట్టిన పటం చర్చలకు పోయేముందు నా చేతికొచ్చింది, పుస్తకంలో ఎక్కించడానికి. అంచు లేదని నేను చూశాను. భలే నున్నగా కట్టాడే అనుకున్నాను. అనుకుని సంతకం పెట్టి పంపించేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నా సంతకమే.

ఒప్పందం కుదిరింది. ఒక రోజు సెలవిచ్చారు. మర్నాడు పత్రికల్లో మొదటి పేజీ నిండా బాబాయి గీసిన గుండ్రం. గుండ్రం లోపల నల్ల గీతలు, అంటే క్షిపణులు ఉండకూడని చోటు. పైన తెల్లగా వదిలిన చోటు "అనుమతించిన ప్రాంతం". గుమాస్తాలందరూ మూగి చూస్తున్నారు. బాబాయి పత్రిక మడిచి బల్ల సొరుగులో పెట్టి, నా తలుపు దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, సామాన్ల గది తాళం ఉందా?"

సామాన్ల గదిలో విరిగిన కుర్చీల వెనక ఒక పెద్ద గ్లోబు ఉండేది. దుమ్ము తుడిచాం. ఒక దారం తీసి, ఒక కొస నన్ను పొరుగు దేశపు రాజధాని మీద వేలితో నొక్కిపట్టమన్నాడు. దారాన్ని పైకి లాగి చెల్లెలి ఊరి దగ్గర గోటితో గుర్తు పెట్టాడు. స్కేలు మీద పరిచాడు. మళ్ళీ కొలిచాడు. నాలుగుసార్లు కొలిచాడు.

"పటం మీద వెయ్యీ పన్నెండు కిలోమీటర్లు" అన్నాడు. "నేల మీద తొమ్మిది వందల ఇరవై."

"అయితే ఏమైంది బాబాయ్?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

"గీతకు ఆవల ఉన్న ఊళ్ళలో రైలు వెళ్ళే ఊరు అదొక్కటే. అంత బరువైనవి రైలు లేకుండా కదలవు. విరగ్గొట్టగా మిగిలినవన్నీ అక్కడికే చేరతాయి. పొరుగు దేశానికి అందవు అనుకుంటూ పెడతారు. కానీ అక్కడి నుంచి వాళ్ళ రాజధాని అందుతుంది. వాళ్ళ దగ్గర మాత్రం గ్లోబు ఉండదా అమ్మాయ్? ఇవాళ కాకపోతే రేపు వాళ్ళూ దారం పెట్టి చూసుకుంటారు. ఆ రోజు నుంచి వాళ్ళ దగ్గరున్న ప్రతి క్షిపణీ మొట్టమొదట చూసేది ఆ ఊరి వైపే."

అప్పుడు అర్థమైంది. దారం తీసుకుని ఈసారి నేను కొలిచాను.

సూపరింటెండెంట్ గారి దగ్గరికెళితే ఆయన నీళ్ళు నమిలారు. "అంచులో రాశారు కదండీ, మీ తప్పేం లేదు" అని తిప్పి తిప్పి అదే చెప్పారు. బాబాయి తప్పు ఎవరిదని అడగలేదు. గీత మార్చమని అడిగాడు. ఆ రెండూ వేరువేరని ఆయనకు ఎక్కించేసరికి నాలుగు రోజులు పట్టింది. చివరికి వదిలించుకోవడానికే ఒక ఉత్తరం ముక్క రాసి చర్చల కార్యాలయానికి పొమ్మన్నారు.

కాళ్ళరిగేలా తిరిగాడు. రెండుసార్లు గేటు దగ్గరే ఆపేశారు. మూడోసారి నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను, గ్లోబును గోనెసంచిలో వేసుకుని. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే పక్కసీటావిడ "పుచ్చకాయ ఎక్కడ కొన్నారమ్మా?" అని అడిగింది. చెప్పొద్దూ, నవ్వొచ్చింది. బాబాయికి మాత్రం రాలేదు.

చర్చలకు పెద్దగా ఉన్నావిడ మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని నేను చాలా ప్రయత్నించాను. కుదరలేదు. పదకొండేళ్ళ చర్చలు ఆవిడ కళ్ళ కింద కనిపిస్తున్నాయి. దారం పట్టుకోమంటే పట్టుకుంది. కొలత చూసింది. గదిలో మూల కుర్చీలో ఒక సైనికాధికారి కూర్చుని ఉన్నాడు. అతను లేచి రాలేదు, చూడలేదు.

"మీరు చెప్పింది నిజమే" అంది ఆవిడ. "కానీ ఈ పటం ఒప్పందానికి మూడో అనుబంధం. రెండు దేశాలూ సంతకం చేశాయి. ఇప్పుడు దూరం అంటే ఈ కాగితం మీద దూరమే."

"నేల మీద అలా లేదమ్మా."

"తెలుసండీ. ఈ ఒక్క కాగితం తెరిచానంటే వాళ్ళు మిగతా డెబ్భై కాగితాలూ తెరుస్తారు. ఈ ఒప్పందం వల్ల నాలుగు వందల క్షిపణులు ముక్కలవుతున్నాయి. అరవై మిగులుతున్నాయి. ఆ అరవై ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా? పైన అయితే పెద్దగా జనం కూడా లేరు."

"పదకొండు వేల మంది ఉన్నారమ్మా. అందులో మా చెల్లెలు ఉంది."

ఆ పదకొండు వేలూ ఆవిడ అంతకుముందు ఎప్పుడూ వినలేదని మొహం చూస్తే తెలిసిపోయింది. అప్పుడు మూల కుర్చీలోని సైనికాధికారి నోరు విప్పాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, గ్లోబు మా దగ్గర కూడా ఉంది. ఆ తొంభై కిలోమీటర్ల సంగతి మాకు మొదటి రోజే తెలుసు. అది మనకు లాభం. అందుకే మేం ఆ గుండ్రానికి అడ్డు చెప్పలేదు. దయచేసి బయట ఎక్కడా ఈ మాట అనకండి."

ఆవిడ అతని వైపు తిరిగి చూసింది. ఆవిడకు తెలియదన్నమాట. మేము గ్లోబు సంచిలో పెట్టుకుని వచ్చేశాం.  ఇన్నాళ్ళూ బాబాయి ఇదంతా ఎవరికీ తెలియక జరిగిందనుకున్నాడు. చెబితే సరిపోతుందనుకున్నాడు. తెలిసి ఊరుకున్నవాళ్ళకు చెప్పడానికి ఏముంటుంది?

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేశాడు. తలుపు ఎప్పట్లాగే పడలేదు.

"నువ్వూ బావగారూ ఇక్కడికొచ్చెయ్యండమ్మా. నాకు రెండు గదులున్నాయి కదా. ఎందుకని అడగొద్దు."

అవతలి గొంతు పెద్దది కాబట్టి నాకూ వినిపించింది. "ఏంటన్నయ్యా, ఒంట్లో బాగాలేదా? ఇప్పుడెలా వస్తాం, ఆయనకు సెలవెవరిస్తారు? ఒప్పందం అయిందిగా, స్టేషన్లో కొత్త లైను వేస్తున్నారు, పనే పని. నా దగ్గర కూడా యూనిఫాంలు ఎన్ని వచ్చి పడ్డాయో. ఇక యుద్ధాలే ఉండవటగా. అయినా మా ఊరు ఎక్కడుందో పటంలో వెతికినా దొరకదు, మా జోలికెవరొస్తారు చెప్పు?"

బాబాయి చెబుదామని నోరు తెరిచాడు. ఫోన్లు వింటున్నారని మాకు అప్పటికే చూచాయగా తెలుసు. "జాగ్రత్తమ్మా" అని పెట్టేశాడు. అసలు మాట ఆ రోజే అరిచి చెప్పి ఉండవలసిందని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. నేనైతే చెప్పేదాన్నా? ఏమో, నాకూ నమ్మకం లేదు.

కొత్త లైను పూర్తయిన నెలలోనే ఆ ఊరి చుట్టూ కంచె వేశారు. లోపలివాళ్ళు బయటికి రావాలన్నా, బయటివాళ్ళు లోపలికి పోవాలన్నా పర్మిట్ ఉండాలన్నారు. ఉత్తరాలు విప్పి అతికించినవి రాసాగాయి. "బాగున్నాం, మీరు బాగున్నారని తలుస్తాం" తప్ప ఇంకేమీ ఉండేది కాదు. చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాదగా ఎప్పుడూ రాయలేదని బాబాయి కుమిలిపోయాడు. తర్వాత ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి. ఫోన్ చేస్తే అలాంటి నంబరు లేదని వినిపించేది.

ఆ మరుసటి ఏడు పటాల కొత్త ముద్రణకు ఉత్తర్వు వచ్చింది. దేశ భద్రత దృష్ట్యా తీసేయవలసిన ఊళ్ళ జాబితా జత చేశారు. ఐదో పేరు అదే. ఆ పని గీకి చేయాలి. అచ్చుకు వెళ్ళే మూల షీటు మీద బ్లేడుతో సిరా లేపేసి, కాగితం పొర చిరగకుండా రుద్ది, ఆ చోట చుట్టుపక్కల ఏముంటే అది కలిసిపోయేలా గీయాలి. అంత నాజూకు చెయ్యి ఆఫీసులో ఒక్కరికే ఉంది. సూపరింటెండెంట్ గారికి సంగతి తెలుసు. పాపం, వేరేవాళ్ళకు ఇస్తానన్నారు.

"వాళ్ళకిస్తే కాగితం చింపేస్తారండీ" అన్నాడు బాబాయి.

నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పేరులో ఒక్కో అక్షరం తీశాడు. రైలు లైను తీశాడు. చుక్క తీశాడు. ఆ తర్వాత చిన్న చిన్న చెట్లు వేయడం మొదలుపెట్టాడు. పటంలో అడవికి వేసే గుర్తే, కానీ ఆయన ఒక్కోదాన్ని ఒక్కోలా వేశాడు. రెండు రోజులు పట్టింది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆయన చేసిన పనుల్లో అంత చక్కటిది ఇంకోటి లేదు. పాత షీట్లన్నీ వెనక్కి తెప్పించి ముక్కలు చేయించమని నాకు ఉత్తర్వు వచ్చింది. చేయించాను. ఒక్కటైనా దాచి ఉంచుదామన్న తెలివి నాకు ఆ వేళ తట్టలేదు.

ఆయన రిటైరయ్యాక పర్మిట్లు ఇచ్చే కార్యాలయం తెరిచారని తెలిసింది. రక్త సంబంధం ఉన్నవాళ్ళకు ఏడాదికొకసారి లోపలికి పోనిస్తారట. బాబాయి మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఫారం నేనే నింపాను. ఊరి పేరు, షీటు నంబరు, గడి నంబరు. ఇద్దరం కలిసి వెళ్ళాం. కిటికీ వెనక కూర్చున్నమ్మాయి నా కూతురి వయసుది, మంచి పిల్ల. కొత్త ముద్రణ షీటు తెచ్చి కిటికీలోంచి మా వైపు తిప్పి పరిచింది.

"ఈ గడిలో ఊరేమీ లేదు కదండీ. అంతా అడవే."

"ఉందమ్మా" అన్నాడు బాబాయి, ఆ చోట వేలు పెట్టి. "ఇదిగో, ఇక్కడ."

ఆ పిల్ల వంగి ఆయన వేలి కింద చూసింది. "చెట్లున్నాయండీ. పటంలో లేని ఊరికి పర్మిట్ రాయలేను. పాత పటం ఏదైనా ఉంటే తీసుకురండి, పైవాళ్ళకు చూపిస్తాను."

"పటం తప్పయి ఉండొచ్చు కదమ్మా" అన్నాను నేను, కోపం ఆపుకోలేక.

"ఎంత శ్రద్ధగా గీశారో చూడండి. ఒక్కో చెట్టూ విడివిడిగా వేశారు. చూడకుండా ఇలా ఎవరైనా గీస్తారాండీ?"

నేను నోరు తెరవబోతుంటే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫారం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్లకు నమస్కారం కూడా పెట్టాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

"నిజంగా అడవిలాగే ఉంది కదా అమ్మాయ్?" అన్నాడు.

ఉందన్నాను.